మేతనిచ్చే చెట్లు: ఉష్ణమండలపు పప్పుజాతి వృక్షాలు

ఉష్ణమండల దేశాల్లో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు తినే మేతలో కొంత భాగం చెట్ల మీద పెరుగుతుంది. ఆ చెట్లలో మాంసకృత్తులు సమృద్ధిగా ఇచ్చేవి ఎక్కువగా చిక్కుడు కుటుంబానివి. సుబాబుల్, అవిసె, గ్లైరిసిడియా, జమ్మి, తుమ్మ, దిరిశెన, సీమచింత, నిద్రగన్నేరు తెలుగు నేల మీద అందరూ చూసినవే. కాలియాండ్రా, ఫైదర్బియా వంటివి ఇతర ఖండాల్లో పాడికీ మందలకూ ఆధారం. వీటన్నిటికీ గింజలు వరుసగా కూర్చున్న కాయలుంటాయి. చాలావాటి వేళ్ల బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా చేరి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. అందువల్లే ఆకులో 15 నుంచి 28 శాతం దాకా ముడి మాంసకృత్తులు ఉంటాయి. రావి, మర్రి, వేప, మునగ కూడా మంచి మేత చెట్లే గాని, ఈ కుటుంబంలోనివి కావు కనుక ఇక్కడ ప్రస్తావనకు రావు.

మేత చెట్ల గురించి చెప్పేటప్పుడు మాంసకృత్తుల శాతాల పట్టిక ముందు పెట్టడం అలవాటైపోయింది. పట్టిక కావలసిందే. చెట్టు విలువను తేల్చే ప్రశ్నలు మాత్రం వేరు: ఆకు ఏ నెలలో దొరుకుతుంది, ఏ మేతకు తోడుగా పెడుతున్నాం, పశువు పొట్టలోకి వెళ్లాక ఆ మాంసకృత్తులకు ఏమవుతుంది. ఒకే శాతం ఉన్న రెండు ఆకుల్లో ఒకటి పాలుగా మారవచ్చు, మరొకటి పేడలో పోవచ్చు.

ఎండుగడ్డికి తోడు

వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3–4 శాతానికి మించవు. బీడు మీది గడ్డి తొలకరిలో లేతగా, బలంగా ఉన్నా, గింజ రాలి ఎండేసరికి దాదాపు ఆ స్థాయికే దిగుతుంది. పశువుకు పీచు జీర్ణం కావాలంటే మొత్తం మేత ఎండు బరువులో కనీసం 7 శాతం ముడి మాంసకృత్తులు ఉండాలని పశుపోషణ శాస్త్రం చెబుతుంది. అంతకు తగ్గితే పశువుకు కడుపు నిండుగానే ఉంటుంది, ఒంట్లో బలం ఉండదు.

కారణం నెమరు పశువు శరీర నిర్మాణంలోనే ఉంది. ఆవుకైనా మేకకైనా గడ్డిని విడగొట్టే శక్తి స్వయంగా లేదు. రూమెన్ అనే మొదటి పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. వాటికి పెరుగుదలకు నత్రజని కావాలి. అది చాలకపోతే సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది, పీచు కరగడం మందగిస్తుంది. కరగని గడ్డి రూమెన్‌లోనే పేరుకుంటుంది కనుక పశువు తినే మేత కూడా తగ్గిపోతుంది. వేసవిలో గడ్డివాము ముందే కట్టేసినా పశువు చిక్కిపోవడం ఇందువల్లే. అందుకే పప్పుజాతి ఆకు చేసే మేలు తన సొంత పోషకాలతో ఆగిపోదు. సూక్ష్మజీవులకు నత్రజని అందించి, పక్కనున్న ఎండుగడ్డి కూడా ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ఆవుకు రోజుకు 6 కిలోల వరిగడ్డి వేస్తే ఎండు పదార్థం సుమారు 5.4 కిలోలు, అందులో ముడి మాంసకృత్తులు 190 గ్రాములు. దానికి 5 కిలోల పచ్చి సుబాబుల్ ఆకు కలిపితే ఎండు పదార్థంగా మరో కిలోన్నర, మాంసకృత్తులుగా సుమారు 330 గ్రాములు చేరతాయి. మొత్తం మేతలో మాంసకృత్తులు మూడున్నర శాతం నుంచి ఏడున్నర శాతానికి పెరుగుతాయి. మేతలో ఆకు వాటా ఎండు బరువులో నాలుగో వంతు కూడా లేదు. పశువును దాదాపు ఆకు మీదే బతికించాలని చూస్తే ఇంత మేలు కనిపించదు. అవసరానికి మించిన నత్రజని రూమెన్‌లో అమోనియాగా మారి, కాలేయంలో యూరియా అయి, మూత్రంలో బయటికి పోతుంది. వేరుశనగ చెక్క, పత్తి చెక్క కూడా ఈ లోటు తీర్చేవే. కాకపోతే వాటిని కొనాలి, చెట్టు ఆకును కోసుకుంటే చాలు.

ఎండాకాలపు పచ్చదనం

లూసర్న్, అలసంద, స్టైలో, పిల్లిపెసర లాంటి పప్పుజాతి పశుగ్రాసాల్లోనూ మాంసకృత్తులకు కొదవలేదు. నీరు లేని వేసవిలో మాత్రం అవి నిలవవు. చెట్టు వేరు గడ్డి వేరుకు అందని లోతుకు దిగుతుంది, అక్కడి తేమతో మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ చిగురు వేస్తుంది. వరిగడ్డిలో దాదాపు లేని కెరోటిన్ ఆ పచ్చి ఆకులో పుష్కలంగా ఉంటుంది. పశువు శరీరం దానిని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. సున్నం కూడా బాగానే అందుతుంది. ఉప్పులోని సోడియం మాత్రం ఈ ఆకుల్లో తక్కువ, కాబట్టి ఉప్పుగడ్డ విడిగా ఉండాలి.

ఈ విషయంలో ఆఫ్రికాలోని ఫైదర్బియా ఆల్బిడాకు సాటి లేదు. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా, దక్షిణాన మలావీ దాకా పొలాల మధ్య కనిపించే ఈ ముళ్ల చెట్టు వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. పంట కాలంలో నీడ పడదు కనుక దాని కిందే సజ్జ, జొన్న, మొక్కజొన్న పండుతాయి. పంట కోశాక అదే చెట్టు ఆకునూ కాయలనూ పశువులకిస్తుంది. నీడకు చేరిన మందల పేడ మళ్లీ పొలానికే ఎరువవుతుంది. సహేల్ ప్రాంతపు రైతులు దున్నేటప్పుడు ఈ చెట్టు మొలకలను తప్పించి కాపాడుకుంటూ రావడం వల్లే ఆ వనాలు నిలిచాయి.

సుబాబుల్

ఈ కుటుంబంలో ప్రపంచమంతా ఎక్కువ పరిశోధన జరిగిన చెట్టు సుబాబుల్. శాస్త్రీయ నామం ల్యూసీనా ల్యూకోసెఫాలా. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడి ప్రజలు దీని లేత కాయలను, గింజలను ఇప్పటికీ తింటారు. స్పెయిన్ ఓడలు మెక్సికో తీరం నుంచి మనీలాకు సాగించిన రాకపోకలతో ఇది ఫిలిప్పీన్స్ చేరి, అక్కడి నుంచి ఆసియా, పసిఫిక్ దీవులంతటా వ్యాపించింది.

మేత చెట్టుగా దీని సత్తా తెలియాలంటే ఇండోనేషియాలోని పశ్చిమ తైమూరు చూడాలి. అక్కడి అమరాసి ప్రాంతపు కొండవాలులు పోడు సేద్యంతో క్షీణించి, లాంటానా పొదలతో నిండిపోయాయి. 1932లో అమరాసి రాజు, రైతులు తమ చేలల్లో వాలుకు అడ్డంగా సుబాబుల్ వరుసలు నాటాలని ఆచార చట్టం కింద ఆజ్ఞ చేశాడు. నేల కోత ఆగింది, చేలు మళ్లీ సారవంతమయ్యాయి. తర్వాత ఆ వరుసల ఆకును కోసుకొచ్చి, కట్టేసిన బాలి జాతి పశువులకు పెట్టి బలపరచి అమ్మే పద్ధతి అక్కడ స్థిరపడింది. రాతి నేలల ఆ పేద ప్రాంతం చెట్టు ఆకుతో పశువులను మేపే విధానానికి ప్రపంచంలోనే ఉదాహరణగా నిలిచింది.

భారతదేశంలో దీని ప్రచారం 1970లలో, 1980లలో ఊపందుకుంది. పుణె దగ్గరి ఉరుళికాంచన్‌లో మణిభాయి దేశాయి 1967లో నెలకొల్పిన బైఫ్ సంస్థ, హవాయి నుంచి వచ్చిన కె-8 వంటి ఎత్తుగా పెరిగే రకాలను పాడి రైతులకు పరిచయం చేసింది. హవాయి విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్రూబేకర్ బృందం సేకరించి, ఎంపిక చేసిన రకాలు అవి. పశుగ్రాసానికి గుబురుగా కొమ్మలు వేసే రకాలు మేలు. ఆస్ట్రేలియాలో 1976లో విడుదలైన కన్నింగ్‌హామ్ అటువంటిది. కె-8 లాంటి పొడవాటి రకాల మొగ్గు కలప వైపు.

తెలుగు ప్రాంతంలో ఆ మొగ్గే గెలిచింది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో వేల ఎకరాల్లో సుబాబుల్ లేచింది. కొనుగోలుదారులు మాత్రం రాజమండ్రి, భద్రాచలం దగ్గరి సారపాక కాగితం మిల్లులు. పాడి రైతుకు మేతగా ఊళ్లోకి వచ్చిన చెట్టు మొద్దులై లారీలెక్కుతోంది. దానిలో తప్పేమీ లేదు, మెట్ట రైతుకు ఆ కలప సొమ్ము పెద్ద ఆదరువు. అయితే ఒక తోటలో కోత పడినప్పుడు నేల కూలే ఆకు, లేత కొమ్మలు ఎన్ని మేకలకు, ఎన్ని పాడి గేదెలకు మేత అవుతాయో లెక్క వేసేవారు లేరు. కోతకు ముందే చుట్టుపక్కల కాపరులకు కబురు పెట్టే అలవాటు ఉంటే అదనపు ఖర్చేమీ లేకుండా రెండు ప్రయోజనాలూ నెరవేరతాయి.

మైమోసిన్ అనే చిక్కు

సుబాబుల్ ఆకులో, గింజలో మైమోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. మాంసకృత్తుల నిర్మాణంలో దీనికి పాత్ర లేదు, పైగా వెంట్రుక కుదుళ్లలో కణ విభజనను ఆపేస్తుంది. గుర్రాలు, గాడిదలు ఈ ఆకు తింటే తోక, జూలు వెంట్రుకలు రాలిపోతాయి. పందులకు, కోళ్లకు కూడా ఎక్కువ మోతాదు హానికరం. నెమరు పశువు రూమెన్‌లో మైమోసిన్ త్వరగానే విడిపోతుంది గాని, అప్పుడు పుట్టే డీహెచ్‌పీ అనే పదార్థం థైరాయిడ్ గ్రంథి పనిని దెబ్బ తీస్తుంది. గొంతు దగ్గర గ్రంథి వాయడం, చొంగ కారడం, బొచ్చు ఊడటం, బరువు తగ్గడం, దూడలు బలహీనంగా పుట్టడం దాని లక్షణాలు. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మీద వదిలిన పశువులు తొలి రోజుల్లో ఈ బాధలన్నీ పడ్డాయి.

హవాయి దీవుల్లోని మేకలు మాత్రం తరతరాలుగా ఇదే ఆకు మీద బతుకుతూ చెక్కుచెదరలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో పనిచేసిన రేమండ్ జోన్స్ ఈ తేడాకు కారణం పశువులో కాక దాని పొట్టలోని సూక్ష్మజీవుల్లో ఉందని అనుమానించాడు. 1980ల తొలినాళ్లలో హవాయి మేకల రూమెన్ ద్రవాన్ని ఆస్ట్రేలియాకు తెప్పించి అక్కడి పశువుల్లో ప్రవేశపెట్టారు. డీహెచ్‌పీ విషం విరిగిపోయింది. పైగా ఆ సూక్ష్మజీవి మందలో ఒక పశువు నుంచి మరో పశువుకు దానంతటదే వ్యాపించింది. 1992లో ఆ బాక్టీరియాకు శాస్త్రవేత్తలు పెట్టిన సినర్జిస్టెస్ జోన్సీ అనే పేరులో జోన్స్ పేరు నిలిచింది. పశుపోషణ చరిత్రలో ఇంత సొగసైన ఆవిష్కరణలు తక్కువ: మేత మారలేదు, పశువు మారలేదు, కంటికి కనబడని ఒక బాక్టీరియా చేరింది, విషపు మేత మంచి మేత అయింది. తర్వాతి పరిశోధనల్లో ఈ బాక్టీరియా చాలా దేశాల పశువుల్లో సహజంగానే ఉందనీ, డీహెచ్‌పీ విషాన్ని తగ్గించడంలో కాలేయం కూడా పాలు పంచుకుంటుందనీ తేలింది.

సూక్ష్మజీవుల సంగతి తెలియని రైతుకు పాత నియమమే క్షేమం. సుబాబుల్ ఆకు మొత్తం మేత ఎండు బరువులో మూడో వంతు దాటకూడదు, మొదలుపెట్టినప్పుడు కొంచెం కొంచెంగా పెంచాలి. చూడి పశువులకు మరింత జాగ్రత్త అవసరం.

ఇక సుబాబుల్‌కు పట్టిన పురుగు సంగతి. హెటెరోప్సిల్లా క్యూబానా అనే చిన్న రసం పీల్చే పురుగు 1984లో హవాయిలో, 1985లో ఫిలిప్పీన్స్‌లో, 1986లో ఇండోనేషియాలో కనిపించి, 1988 నాటికి భారతదేశం చేరింది. చిగుళ్లు మాడిపోయి, అమరాసి రైతులు ఒక్కసారిగా మేత కోల్పోయారు. ఈ చెట్టు ఎక్కువగా స్వపరాగ సంపర్కం చేసుకునేది. పైగా దేశదేశాలకు వ్యాపించిన చెట్లన్నీ కొద్ది రకాల సంతానమే. అందుకే పురుగు ఒక దీవి నుంచి మరో దీవికి అడ్డూ ఆపూ లేకుండా సాగింది. పురుగును తినే అక్షింతల పురుగులను కొన్నిచోట్ల విడిచారు, తట్టుకునే కొత్త రకాలను ఇతర ల్యూసీనా జాతులతో సంకరం చేసి తెచ్చారు. ఒకే జాతి చెట్టు మీద మొత్తం మేత భారం వేయకూడదన్న పాఠం ఆ నాలుగేళ్లలో ఆసియా రైతులకు చాలా ఖరీదుగా అందింది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సుబాబుల్ వరుసల మధ్య గడ్డి పెంచి పశువులను నేరుగా మేపుతారు. ఒకసారి నాటిన వరుసలు 30 ఏళ్లకు పైగా మేతనిస్తున్నాయి. కొలంబియాలోని కౌకా లోయలో ఎల్ హాటికో వంటి క్షేత్రాలు హెక్టారుకు పదివేలకు పైగా సుబాబుల్ పొదలను గడ్డితో, పైన పెద్ద చెట్లతో కలిపి పెంచే పద్ధతిని తీర్చిదిద్దాయి. వర్షాధార నేలల్లో మాత్రం చెట్టు వరుసలు పంటతో పోటీపడతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ క్షేత్రాల్లో 1980లలో సుబాబుల్ వరుసల మధ్య పంటలు వేసి చూసినప్పుడు తేమ కోసం జరిగే ఈ పోటీయే పెద్ద ఆటంకంగా తేలింది. మెట్ట చేను నడి మధ్యలో కంటే గట్ల మీద, కంచెల వెంట, బావుల దగ్గర దీనికి చోటివ్వడం మంచిది. ఆమ్ల నేలలు దీనికి సరిపడవు, నీరు నిలిచే చోట బతకదు.

గ్లైరిసిడియా, అవిసె, కాలియాండ్రా

సుబాబుల్‌ను పురుగు దెబ్బ తీసినప్పుడు అందరి చూపు గ్లైరిసిడియా సెపియం మీద పడింది. గిరిపుష్పం అని కూడా పిలిచే ఈ మధ్య అమెరికా చెట్టు కొమ్మ పాతితే బతుకుతుంది, ఆమ్ల నేలను సుబాబుల్ కంటే బాగా ఓర్చుకుంటుంది. ఆకులో మాంసకృత్తులు 20–25 శాతం. గ్వాటెమాలాలోని రెటాలూలెయు, నికరాగ్వాలోని బెలెన్ రివాస్ ప్రాంతాల విత్తనం అధిక దిగుబడినిస్తుందని అనేక దేశాల్లో జరిగిన పోలికల్లో తేలింది. శ్రీలంకలో మిరియాల తీగకు ఊతంగా, కొబ్బరి తోటల్లో ఎరువుగా, మేతగా, వంటచెరకుగా ఇది కొత్త తోట పంట స్థాయికి ఎదిగింది.

దీని లోపం వాసన. కూమరిన్ అనే పదార్థం ఉండటం వల్ల అలవాటు లేని పశువు మూతి తిప్పుకుంటుంది. ఆకును ఒక పూటో, రాత్రంతానో వాడనిచ్చి, ఉప్పునీళ్లు చల్లి, మొదట లేత దూడలకూ అలవాటున్న పశువులకూ పెడితే మిగిలినవి వాటిని చూసి నేర్చుకుంటాయి. తెలంగాణ, రాయలసీమ మెట్ట పొలాల గట్ల మీద దీనిని పచ్చిరొట్ట ఎరువు కోసమే ప్రోత్సహించారు. మేకలు ముట్టకపోవడం వల్ల కంచె లేకుండానే బతికింది. ఆ గట్ల మీద పెరిగిన ఆకులో కొంత వేసవిలో గాడిలోకి మళ్లించడం తేలిక. పొలానికి ఎంత, పశువుకు ఎంత అన్నది ఆ ఏటి మేత కొరతను బట్టి రైతు తేల్చుకోవచ్చు.

అవిసె, అంటే సెస్బేనియా గ్రాండిఫ్లోరా, మన ఇంటి చెట్టు. తమలపాకు తోటల్లో తీగకు ఊతం, పెరట్లో కూరకు పూలు, పాడి పశువుకు ఆకు. మాంసకృత్తులు 25 శాతానికి పైనే. మాంసకృత్తులను పట్టేసే టానిన్లు తక్కువ కావడంతో ఆకు తేలిగ్గా జీర్ణమవుతుంది. నాటిన ఏడాదిలోనే ఇంటి చూరు దాటుతుంది. ఇంత మంచి చెట్టుకు ఒకే బలహీనత, నరుకు తట్టుకోదు. సుబాబుల్‌లా మొదలు దగ్గర పదే పదే నరికితే చచ్చిపోతుంది. ప్రధాన కాండాన్ని వదిలి పక్క కొమ్మలే కోయాలి. ఇండోనేషియాలోని లొంబొక్ దీవిలో వరి గట్ల పొడవునా అవిసె నాటి, ఆ ఆకుతో పశువులను సాకుతారు.

కాలియాండ్రా కాలోథిర్సస్ తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాల్లో పాడికి తోడైంది. కెన్యా పర్వత వాలుల్లోని ఎంబు ప్రాంతంలో కొద్దిపాటి భూమి ఉన్న కుటుంబాలు ఒకటి రెండు ఆవులను కట్టేసి నేపియర్ గడ్డితో సాకుతాయి. 1990లలో అక్కడ జరిగిన ప్రయోగాల్లో 3 కిలోల పచ్చి కాలియాండ్రా ఆకు ఒక కిలో దాణాకు సమానంగా పాలిచ్చిందని, ఒక ఆవుకు ఏడాది పొడవునా సరిపడా ఆకు 500 మొక్కలనుంచి వస్తుందని తేలింది. ఆ మొక్కలకు వేరే పొలం అక్కర్లేదు, గట్లు, కంచెలు, ఇంటి దారి చాలు. ఈ ఆకును గ్లైరిసిడియాలా వాడ్చి పెట్టకూడదు. ఎండితే జీర్ణమయ్యే గుణం తగ్గుతుంది, కోసిన వెంటనే పెట్టాలి.

జమ్మి, తుమ్మ, తోటి చెట్లు

విదేశాల నుంచి వచ్చిన చెట్లకు ఎంతో ముందు నుంచే మన కాపరులు దోటితో కొమ్మలు వంచుకుంటున్నారు. జమ్మి దసరా పూజకే పరిమితమైన చెట్టు కాదు. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన ఇది రాజస్థాన్ ఎడారి పల్లెలకు ప్రాణాధారం. అక్కడ ఖేజ్రీ అంటారు. చలికాలంలో కొమ్మలు కొట్టి, ఆకును ఎండబెట్టి, ఒంటెలకూ మేకలకూ ఏడాది పొడవునా దాచుకుంటారు. 1730లో జోధ్‌పూర్ సంస్థానంలోని ఖేజడ్లీలో ఈ చెట్లను నరకవచ్చిన రాజు మనుషులకు అడ్డుపడి, అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఆ త్యాగం వెనుక భక్తి ఉంది, చెట్టు లేకపోతే మంద బతకదన్న అనుభవమూ ఉంది.

నల్లతుమ్మ కాయలు వేసవిలో రాలుతాయి. గొర్రెలు, మేకలు వాటిని ఏరుకు తింటాయి. కాయ రాలే రోజుల్లో చెట్టు కింద మంద నిలపడం కాపరులకు తెలిసిన విద్య. తమిళనాడులోని తిరుప్పూర్, ఈరోడ్, కరూర్ ప్రాంతాల్లో కొరంగాడు అనే సంప్రదాయ పచ్చిక బయళ్లలో జీవకంచె లోపల మేత గడ్డి, దాని మధ్య మధ్య తెల్లతుమ్మ చెట్లు ఉంటాయి. పేరున్న కాంగేయం పశువులు పెరిగేది అక్కడే. తెల్లతుమ్మ కాయలు ఎండాకాలంలో వాటికి తోడు మేత. దిరిశెన ఆకు, సీమచింత కొమ్మలు, నిద్రగన్నేరు తియ్యటి కాయలు కూడా పశువులు ఇష్టంగా తింటాయి. కుటుంబం ఒకటే అయినా చేదైన కానుగ ఆకును అంతగా ఇష్టపడవు.

టానిన్ల లెక్క

జమ్మి, తుమ్మ, కాలియాండ్రా ఆకుల్లో టానిన్లు ఎక్కువ. తోలు ఊనడానికి తుమ్మచెక్క పనికొచ్చేది ఈ పదార్థాల వల్లే. తోలులోని మాంసకృత్తులకు అతుక్కున్నట్టే ఇవి మేతలోని మాంసకృత్తులనూ పట్టేస్తాయి. ఎండు బరువులో 2–4 శాతం ఉంటే మేలే చేస్తాయి. మాంసకృత్తులు రూమెన్‌లో అమోనియాగా కరిగిపోకుండా చిన్న పేగు దాకా చేరతాయి, కడుపుబ్బరం రాదు, పొట్ట పురుగుల ఉధృతి కూడా కొంత తగ్గుతుంది. మోతాదు పెరిగితే మాత్రం పశువు మేత తగ్గిస్తుంది, తిన్నదీ ఒంటబట్టదు. ఆస్ట్రేలియాలోని ముల్గా అనే తుమ్మ జాతి ఆకులో మాంసకృత్తులు చెప్పుకోదగినంత ఉన్నా, దాని మీదే బతికే గొర్రెలు ఎదగవు. టానిన్లను పట్టివేసే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థాన్ని ఇచ్చినప్పుడు అవే గొర్రెలు ఎక్కువ మేసి ఒళ్లు చేశాయి. ప్రయోగశాల కాగితం మీది మాంసకృత్తులకూ పశువుకు దక్కే మాంసకృత్తులకూ మధ్య దూరం ఎంతో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. మేకల లాలాజలంలో, నాలుక నేర్పులో, ఆకులు మార్చి మార్చి తినే అలవాటులో టానిన్లను తట్టుకునే శక్తి గొర్రెలకంటే ఎక్కువ. కాపరి మందను ఒకే చెట్టు దగ్గర నిలపకుండా నడిపిస్తూ పోవడంలో ఈ జ్ఞానం ఇమిడి ఉంది.

నాటడం, కోయడం

సుబాబుల్ విత్తనం పైపొర గట్టిది. సుమారు 80 డిగ్రీల వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ముంచి, తర్వాత చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి విత్తితే సమంగా మొలుస్తుంది. మొదటి ఏడు చెట్టును పెరగనివ్వాలి. వేరు దిగకముందే కోత మొదలుపెట్టిన తోట ఎన్నటికీ గుబురెక్కదు. ఆ తర్వాత అర మీటరు నుంచి మీటరు ఎత్తులో నరికి, వానాకాలంలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు, పొడి కాలంలో పన్నెండు వారాలకు ఒకసారి కోయవచ్చు. త్వరగా కోస్తే ఆకు లేత, దిగుబడి తక్కువ. ఆలస్యం చేస్తే పుల్ల ఎక్కువ. వేసవికి ఆకు కావాలంటే వానలు వెనుదిరిగే ముందు ఒక కోత వేసి, అప్పటినుంచి చెట్టును వదిలేయాలి.

ఆకును ఎండబెట్టి నిలవ చేయడం సులువు. కొమ్మలను గోనె పట్టాల మీద పరచి కర్రతో తడితే ఆకు విడివడుతుంది. ఎర్రటి ఎండలో కంటే నీడన ఆరితే కెరోటిన్ నిలుస్తుంది. ఆ పొడిని తవుడుతో కలిపి దాణాగా పెట్టవచ్చు.

అదుపు తప్పిన చెట్లు

మేత పేరుతో తెచ్చిన చెట్లు నేలను ఆక్రమించిన చరిత్ర కూడా ఉంది, దానిని దాచి ఈ చెట్లను పొగడకూడదు. సర్కారు తుమ్మ భారతదేశంలో తొలిసారి అడుగుపెట్టిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ప్రధానమైనది. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ కోరిక మేరకు వచ్చిన విత్తనాన్ని 1877లో అక్కడ నాటారు. ఆకును పశువులు ముట్టవు, కాయ మాత్రం తియ్యగా ఉంటుంది. కాయ తిన్న పశువు పేడతో గింజలను చెరువు కట్టల మీదికి, బీళ్ల మీదికి మోసుకెళ్లింది. నేడు ఆ చెట్టు లేని మండలం రాయలసీమలో అరుదు. కాయలను మరపట్టిస్తే గింజ నలిగి వ్యాప్తి ఆగుతుంది, గింజలోని మాంసకృత్తులూ పశువుకు దక్కుతాయి. బ్రెజిల్ ఈశాన్యంలో ఈ కాయలే ప్రధాన మేతగా నెలల తరబడి తిన్న పశువులకు నరాలు దెబ్బతిని దవడలు వంకరపోయాయి, కనుక దాణాలో ఇవి కొంత భాగంగానే ఉండాలి.

మన నల్లతుమ్మ పరాయి దేశంలో అదే పని చేసింది. భారత ఉపఖండం నుంచి క్వీన్స్‌లాండ్‌కు నీడకూ మేతకూ తీసుకెళ్లిన ఈ చెట్టు అక్కడి గడ్డి మైదానాల్లో లక్షల హెక్టార్లు కమ్మేసింది. గొర్రెలు గింజను నమిలి చాలావరకు నలిపేస్తాయి, ఆవుల పొట్టలోంచి అది చాలావరకు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. ఉన్ని ధర పడి రైతులు గొర్రెల నుంచి ఆవులకు మారడం, 1970లలో వరసగా మంచి వానలు పడటం ఒకేసారి జరగడంతో చెట్టు విజృంభించింది. సుబాబుల్ కూడా ప్రపంచంలోని వంద చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. మేత కోసం క్రమం తప్పకుండా కోసే చోట అది కాయకు రాదు, పట్టించుకోక వదిలేసిన చోట విత్తనం రాలి పరుచుకుంటుంది.

మందలకు చెట్టు హక్కు

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. ఈ మందలను పెంచే గొల్ల, కురుమ కుటుంబాల్లో చాలామందికి మేత పండించుకునేంత భూమి లేదు. వారి మేత భూమి ఇతరుల చేల గట్లు, చెరువు శిఖాలు, అడవి అంచులు, రోడ్డు పక్క చెట్లు. మేత చెట్ల పథకాలు సాధారణంగా పొలం ఉన్న పాడి రైతును దృష్టిలో పెట్టుకుని రాస్తారు. పొలం లేని కాపరి వాటిలో కనిపించడు. నాటిన చెట్టు పెరిగాక కొమ్మ కొట్టే అనుమతి ఎవరికన్నది ముందే తేలకపోతే అదే చెట్టు మంద దారికి అడ్డుకంచె అవుతుంది. పంచాయతీ భూముల్లో నాటే జమ్మి, దిరిశెన, తెల్లతుమ్మ చెట్లకు ఏ నెలలో ఏ మంద కొమ్మ కొట్టాలి, పైకొమ్మల్లో ఎంత భాగం వదలాలి, ఏ ఏడు ఏ చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి అన్న కట్టుబాటును కాపరులతో కూర్చుని రాసుకోవాలి. మొక్క మేక నోటికి అందనంత ఎత్తు పెరిగే మొదటి మూడేళ్లు కాపలా ఖర్చును కూడా నాటే ఖర్చులోనే లెక్క కట్టాలి.